పనిచోట ఆరోగ్యం: యజమానికి సహాయం అంటే సర్టిఫికెట్టు రాసివ్వడం కాదు



ఈ పేజీలో మేము ఎక్కువగా షుగరు, బి.పి., బాలింతల ఆహారం, పిల్లల టీకాల గురించి రాస్తుంటాము. ఈసారి ఒక చట్టం గురించి రాస్తున్నాము. నర్సులకు చట్టంతో ఏమి పని అని కొందరికి అనిపించవచ్చు. కాని మా మెడికల్ వార్డులో ఆయాసంతో కూర్చుని నిద్రపోయేవారిని, డ్రెస్సింగు గదికి వేళ్లు నలిగి వచ్చేవారిని పలకరిస్తే, కొందరి బాధ ఇంట్లో మొదలైంది కాదని, పనిచేసే చోట మొదలైందని తెలుస్తుంది. మందులు మేము ఇవ్వగలము, కట్టు కట్టగలము. ఆ పనిచోటును మార్చగలిగినవారు మాత్రం యజమానులే. వారిలో చాలామంది మన ఊరివారు, మన ఆసుపత్రికి వచ్చేవారు, మన సంఘాలలో ఉన్నవారు కూడా. చట్టం మారినప్పుడు వారికి సహాయం అవసరమే. అయితే ఏది సహాయం, ఏది సహాయం కాదు అన్న విషయంలో మా అభిప్రాయం చెప్పాలనుకుంటున్నాము.

చట్టంలో ఏమి మారింది?

మన దేశంలో ఫ్యాక్టరీల చట్టం 1948 నాటిది, గనుల చట్టం 1952 నాటిది. బీడీ కార్మికులకు 1966లో, కాంట్రాక్టు కార్మికులకు 1970లో, భవన నిర్మాణ కార్మికులకు 1996లో వేరువేరు చట్టాలు వచ్చాయి. ఇటువంటి 13 చట్టాలను కలిపి 2020 సెప్టెంబరులో పార్లమెంటు ఒకే చట్టంగా చేసింది. దాని పేరు వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్. చట్టం చేసిన అయిదేళ్లకు, 2025 నవంబరు 21 నుండి అది అమలులోకి వచ్చింది.

ఆ కోడ్‌లో ఆరోగ్యానికి సంబంధించి మనమందరం తెలుసుకోవలసినవి ఇవి:

1. పనిలో పెట్టుకునే ప్రతి ఒక్కరికీ యజమాని నియామక పత్రం ఇవ్వాలి.

2. పనివారికి ఏడాదికోసారి ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలి. 40 ఏళ్లు దాటిన కార్మికులందరికీ ఈ పరీక్ష ఉంటుందని కోడ్ అమలులోకి వచ్చినప్పుడు కేంద్ర కార్మిక శాఖ ప్రకటించింది.

3. భద్రత కోసం ఇచ్చే వస్తువులకు గాని, వృత్తి వ్యాధులను కనిపెట్టే పరీక్షలకు గాని పనివారి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మాస్కు, హెల్మెట్టు ఇచ్చి జీతంలో కోయడం తప్పు.

4. తన ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారం అడిగే హక్కు పనివారికి ఉంది. ప్రాణాపాయం ఉందని తోస్తే ఆ సంగతి యజమానికి, అధికారికి తెలియజేయవచ్చు. అలాగే తన జాగ్రత్త, తోటివారి జాగ్రత్త చూసుకోవడం, ఇచ్చిన సామగ్రిని వాడడం పనివారి బాధ్యత అని కూడా చట్టం చెబుతుంది.

5. సిలికోసిస్, సీసం వల్ల కలిగే విషప్రభావం, శబ్దం వల్ల వచ్చే చెవుడు వంటి జాబితాలోని వ్యాధులు కనబడితే, చూసిన డాక్టరు ప్రభుత్వ అధికారికి తెలియజేయాలి.

6. యజమాని తన బాధ్యత నెరవేర్చక ఒకరు చనిపోతే రెండేళ్ల వరకు జైలు గాని, 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఆ జరిమానాలో సగానికి తగ్గకుండా బాధిత కుటుంబానికి ఇమ్మని కోర్టు ఆదేశించవచ్చు.

పాత చట్టంలోని ఇన్‌స్పెక్టరుకు కొత్త కోడ్ ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అని పేరు పెట్టింది. తనిఖీ చేయడంతోపాటు, చట్టాన్ని ఎలా పాటించాలో యజమానికి, పనివారికి సలహా చెప్పడం కూడా ఆ అధికారి విధి. ఏ రిజిస్టరు పెట్టాలి, ఏ ఫారం నింపాలి అనే వివరాలు ప్రభుత్వ నియమాలలో ఉంటాయి గనుక వాటిని ఫ్యాక్టరీల శాఖ లేదా కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది. అధికారి వచ్చేవరకు ఆగకుండా ముందే వెళ్లి అడిగిన యజమానికి గౌరవం పెరుగుతుందే గాని తగ్గదు.

చట్టాలు ఎందుకు మారుతున్నాయి?

“మళ్లీ ఇంకొక చట్టమా?” అని విసుక్కునేవారు ఉన్నారు. ఈ చట్టాల వెనుక ఉన్న మరణాలను గుర్తు చేసుకుంటే ఆ విసుగు తగ్గుతుంది. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాలులో విషవాయువు వేలమందిని బలిగొన్నది. ఆ తరువాతనే 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన ప్రక్రియలలో పనిచేసేవారికి పనిలో చేరేముందు, ఆ తరువాత ఏటేటా వైద్య పరీక్ష ఉండాలన్నారు.

మన తెలుగువారికి దగ్గరి ఉదాహరణలు ఉన్నాయి. 2020 మే 7న విశాఖపట్నంలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న హైదరాబాదు దగ్గర పాశమైలారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా ప్రాణాలు పోయాయి.

ఇవి పేపర్లలో వచ్చాయి గనుక మనకు తెలిశాయి. పేపరులో రాని మరణాలు వేరే ఉన్నాయి. రాతి ధూళి పీల్చినవాడు పదేళ్లకో పదిహేనేళ్లకో ఇంట్లో మంచం మీద చనిపోతాడు. “ఆయాసం వచ్చి పోయాడు” అంటారు. ఏ పని చేసేవాడని ఎవరూ రాసుకోరు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లో పనివారి జబ్బుల గురించి పుస్తకం రాస్తూ, రోగిని అడిగే ప్రశ్నలలో “నీవు ఏమి పని చేస్తావు?” అన్నది కూడా చేర్చాలన్నాడు. మూడు వందల ఏళ్లు దాటినా ఆ ప్రశ్నకు ఓ.పి. చీటీలో ఎక్కువచోట్ల ఒక్క గడి కూడా ఉండదు.

ఇద్దరికీ భయమే

అసలు సమస్య చట్టం తెలియకపోవడం ఒక్కటే కాదు. పరీక్ష అంటే ఇద్దరికీ భయమే.

పనివాడి భయం ఏమిటంటే, “ఎక్స్‌రేలో ఏదైనా కనబడితే రేపటి నుండి రావద్దంటారు. ఇల్లు ఎలా గడుస్తుంది?” యజమాని భయం ఏమిటంటే, “జబ్బు బయటపడితే నా మీద పడుతుంది. పరిహారం అడుగుతారు. ఆఫీసర్లు వస్తారు.” ఈ రెండు భయాలు కలిసినప్పుడు, ఎవరినీ చూడకుండా అందరికీ ‘ఆరోగ్యంగా ఉన్నారు’ అని రాసిచ్చే కాగితం ఇద్దరికీ హాయిగా కనబడుతుంది. ఆ కాగితం అడగడానికి వారు వచ్చేది ఆసుపత్రికే.

ఆ మధ్య ఒక చిన్న యూనిటు నడిపేవారు వచ్చి, “సిస్టర్ గారూ, మా దగ్గర ముప్పయిమంది ఉన్నారు. పేర్లు, వయసులు రాసి తెచ్చాను. పని ఆపి అందర్నీ తేవడం కుదరదు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు మాత్రం ఇప్పించండి, ఫీజు కట్టేస్తాను” అన్నారు. ఆయన చెడ్డవారు కారు. తన మనుషులను పేరు పేరునా ఎరిగినవారు, పండుగకు బట్టలు పెట్టేవారు. మేము, “అయ్యా, మనిషిని చూడకుండా కాగితం ఇవ్వడం కుదరదండీ. రోజుకు పదిమంది చొప్పున మూడు రోజులు పంపండి. ఉదయం ఎనిమిదింటికి మొదలుపెట్టి పదకొండుకల్లా తిరిగి పంపేస్తాము” అన్నాము. ఆలోచించి చెబుతానని వెళ్లారు.

ఆ కాగితం ఇవ్వకపోవడం కాఠిన్యమని కొందరు అనుకోవచ్చు. మేము అలా అనుకోవడం లేదు. చూడకుండా ఇచ్చిన కాగితం ముగ్గురికి హాని చేస్తుంది. మొదటిది పనివానికి. జబ్బు తొలిదశలో ఉండగా దొరికే అవకాశం పోతుంది, పైగా రేపు అతను పరిహారం అడిగితే ‘ఆరోగ్యంగా ఉన్నాడు’ అన్న మన సంతకమే అతనికి అడ్డం వస్తుంది. రెండవది యజమానికి. ప్రమాదం జరిగిన రోజున ఆ కాగితం ఆయనను కాపాడదు, పరీక్ష జరగలేదని విచారణలో తేలితే చిక్కు రెండింతలవుతుంది. మూడవది ఆసుపత్రికి. మన సంతకం మీద జనానికి ఉన్న నమ్మకం పోతే దానిని ఏ మందుతోనూ తిరిగి తేలేము.

భయం తగ్గాలంటే ఏమి చేయాలి? మా దృష్టిలో రెండు పద్ధతులు ముఖ్యం. ఒకటి, పరీక్ష రిపోర్టు పనివాని చేతికి ఇచ్చి అతనికి అర్థమయ్యేటట్టు చెప్పాలి. యజమానికి మాత్రం ‘ఈ పనికి సరిపోతారు’ లేక ‘ధూళి లేని పనికి మార్చాలి’ అన్న సలహా వరకే వెళ్లాలి. అతనికి షుగరు ఉందా, ఆమె గర్భవతా అన్న సంగతులు యజమానికి అనవసరం. చట్టప్రకారం డాక్టరు అధికారికి తెలియజేయవలసిన వ్యాధి ఉంటే అది వేరే సంగతి, అది ఆ దారిలో వెళుతుంది. రెండు, జబ్బు కనబడినంత మాత్రాన పని తీసివేయకూడదు, పని మార్చాలి. తొలిదశలో పని మారిస్తే ఆ మనిషి ఇంకా ఎన్నో ఏళ్లు సంపాదించుకోగలడు.

యజమానుల భయానికి కూడా ఒక జవాబు ఉంది. ఇ.ఎస్.ఐ. వర్తించే చోట చందా సకాలంలో కడితే వృత్తి వ్యాధిని పనిలో జరిగిన గాయంతో సమానంగా చూస్తారు. అప్పుడు పరిహారం బరువు ఇ.ఎస్.ఐ. కార్పొరేషను మీదకు వెళుతుంది. చందా ఎగవేయడం వల్ల కొద్ది డబ్బు మిగిలినట్టు కనబడుతుంది గాని, ఒక్క ప్రమాదంతో యూనిటే అమ్ముకోవలసి రావచ్చు.

ఏ పనికి ఏ పరీక్ష?

అందరికీ బరువు, బి.పి., షుగరు చూసి పంపితే వార్షిక పరీక్ష పూర్తయిందని అనుకోకూడదు. అవి కావలసినవే. కాని పనిని బట్టి చూడవలసినవి వేరే ఉన్నాయి. యజమానులు తమ యూనిటుకు తగిన పరీక్షలను అడిగి మరీ చేయించుకోవాలని మా మనవి.

రాయి కోసేవారు, గ్రానైటు పాలిషు చేసేవారు, క్రషర్ల దగ్గర పనిచేసేవారు: రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులలో చేరి మచ్చలు కడుతుంది. దానిని సిలికోసిస్ అంటారు. అది వచ్చాక నయం చేసే మందు లేదు, పని మానేసిన తరువాత కూడా ముదరవచ్చు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే ప్రమాదం ఎక్కువ. వీరికి ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కఫం పరీక్ష అవసరం. ఎక్స్‌రే చూసే డాక్టరుకు ‘రాతి పని చేస్తాను’ అని తప్పక చెప్పండి. చెప్పకపోతే క్షయ అనుకుని మందులు వాడించే అవకాశం ఉంది.

జిన్నింగు మిల్లులు, నూలు మిల్లులలో పనిచేసేవారు: పత్తి ధూళి వల్ల బిసినోసిస్ అనే జబ్బు వస్తుంది. దానికి ఒక గుర్తు ఉంది. వారపు సెలవు తరువాత పనిలోకి వచ్చిన మొదటి రోజున ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది, తరువాత రోజులలో తగ్గుతుంది. ‘సెలవు తెల్లవారి ఆయాసం వస్తుందా?’ అన్న ఒక్క ప్రశ్నతో తొలిదశలో పట్టుకోవచ్చు. పనికి ముందు ఒకసారి, పని ముగిశాక ఒకసారి స్పైరోమెట్రీ చేస్తే ఇంకా స్పష్టమవుతుంది.

రైసు మిల్లు కార్మికులు: ఊక, దుమ్ము వల్ల ఆస్తమా పెరుగుతుంది. కంట్లో వడ్లగింజ, పొట్టు పడి నల్లగుడ్డుకు పుండు పడవచ్చు. అటువంటప్పుడు ఆకు పసరు, తల్లి పాలు పోయకుండా, షాపులో ఏదో చుక్కల మందు కొనకుండా వెంటనే కంటి డాక్టరు దగ్గరకు రావాలి.

బ్యాటరీల పని, సీసం కరిగించే పని చేసేవారు: రక్తంలో సీసం ఎంత ఉందో పరీక్ష చేయాలి. ఆ ధూళి బట్టలతో ఇంటికి వచ్చి పిల్లల ఒంట్లో చేరుతుంది. పనిచోటనే స్నానం చేసి బట్టలు మార్చుకునే ఏర్పాటు యజమాని చేయాలి. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు.

పెద్ద శబ్దం మధ్య పనిచేసేవారు: చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడవలసి వస్తే, ఆ శబ్దం చెవికి హాని చేసేదే. శబ్దం వల్ల పోయిన వినికిడి తిరిగి రాదు. ఏటేటా ఆడియోమెట్రీ చేసి పాత రిపోర్టుతో పోల్చి చూడాలి.

డ్రైవర్లు: చూపు, షుగరు, బి.పి.తోపాటు సరిపడ నిద్ర ఉందా, పగలు కునుకు వస్తుందా అని అడగాలి.

బట్టల షాపులలో రోజంతా నిలబడేవారు: కాళ్లలో నరాలు ఉబ్బడం, నడుము నొప్పి చూడాలి. షాపులలో పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు ఉండాలని తమిళనాడు 2021లో చట్టమే చేసింది. మన షాపులవారు అటువంటి చట్టం కోసం ఆగకుండా ఒక స్టూలు వేయవచ్చు.

మాస్కు చివరి మెట్టు

భద్రత అనగానే అందరికీ మాస్కు, చేతి తొడుగులు, హెల్మెట్టు గుర్తుకు వస్తాయి. మాస్కులు కొన్న రసీదు ఫైలులో పెట్టుకుంటే పని అయిపోయిందని అనుకుంటారు. ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద ఎనిమిది గంటలు మాస్కు పెట్టుకుని బరువులు మోసి చూడండి, పనివాడు దానిని ఎందుకు తీసేస్తాడో అర్థమవుతుంది. అతనిని కోప్పడి ప్రయోజనం లేదు.

వృత్తి ఆరోగ్య నిపుణులు చెప్పే వరుస వేరు. మొదట ప్రమాదాన్ని తీసేయగలమా చూడాలి. తరువాత దానిని మనిషికి దూరం చేయాలి. ఆ తరువాత పని పద్ధతి మార్చాలి. అన్నిటికీ చివర మాస్కు. రాయి కోసేచోట నీళ్లు పారిస్తే ధూళి పుట్టినచోటే అణగిపోతుంది. ధూళి లేచే యంత్రం దగ్గర పీల్చే ఫ్యాను పెడితే గదంతా వ్యాపించదు. పొడిగా చీపురుతో ఊడ్చే బదులు తడిపి తుడవాలి. కంప్రెసరు గాలితో ఒంటి మీది దుమ్ము ఊదుకోవడం పూర్తిగా మాన్పించాలి. ఇవన్నీ చేశాక కూడా ధూళి మిగిలితే అప్పుడు ఎన్‌95 మాస్కు ఇవ్వాలి. ముఖానికి కట్టుకున్న తువాలు కంటికి కనబడని సన్నని సిలికా రేణువులను ఆపలేదు.

యంత్రాల బెల్టులకు, చక్రాలకు కంచె ఉండాలి. చీర కొంగు, చున్నీ, జడ బెల్టులో చిక్కుకుంటే ఒక్క క్షణంలో ప్రాణం పోతుంది. ఆడవారికి పొట్టి కోటు, తలకు టోపీ ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు.

నర్సులుగా మాకు బాగా తెలిసిన మరొక సంగతి ఉంది. చాలాచోట్ల ఆడవారికి సరైన మరుగుదొడ్డి ఉండదు. అందుకని వారు పొద్దుటి నుండి నీళ్లు తాగరు. మూత్రంలో మంటతో, ఎండదెబ్బతో మా దగ్గరకు వస్తారు. మాత్రలు ఇచ్చి పంపుతాము, నెల తిరగకుండా మళ్లీ వస్తారు. వారికి కావలసిన మందు ఒక శుభ్రమైన మరుగుదొడ్డి, తలుపుకు ఒక గడియ, తాగడానికి చల్లని నీళ్లు.

పదిమంది లేని షెడ్ల సంగతి

ఈ కోడ్ సాధారణంగా పదిమంది లేక అంతకు మించి పనివారున్న సంస్థలకే వర్తిస్తుంది. ఫ్యాక్టరీ అనడానికి కరెంటు ఉన్నచోట ఇంతకుముందు 10 మంది పనివారుంటే చాలు, ఇప్పుడు 20 మంది ఉండాలి. కరెంటు లేనిచోట 20 నుండి 40కి పెంచారు. చిన్న యూనిట్ల మీద బరువు తగ్గించడానికి ఇలా చేశామని ప్రభుత్వం అంటుంది. కార్మిక సంఘాలు దీనిని వ్యతిరేకించాయి.

ఈ విషయంలో మా అభిప్రాయం సూటిగా చెబుతాము. ధూళి తలలు లెక్కపెట్టి ఊపిరితిత్తులలోకి వెళ్లదు. ఆరుగురున్న షెడ్డులో ధూళి అరవైమంది ఉన్న ఫ్యాక్టరీలోకన్నా ఎక్కువే ఉండవచ్చు, ఎందుకంటే అక్కడ ఫ్యాను ఉండదు, కిటికీ ఉండదు, అడిగేవారు ఉండరు. ‘మనకు చట్టం వర్తించదులే’ అని ఊపిరి పీల్చుకునే చిన్న యజమానులు, తాము కూడా అదే షెడ్డులో కూర్చుంటారని, ఒక్కోసారి తమ కొడుకే అక్కడ మిషను నడుపుతాడని గుర్తుంచుకోవాలి. చట్టం చేరని చోటికి మనమే చేరాలి.

మనం కూడా యజమానులమే

ఇతరులకు చెప్పేముందు ఆసుపత్రిగా మా బాధ్యత మేము చూసుకోవాలి. ఆసుపత్రి వ్యర్థాల నిర్వహణ నియమాలు 2016లో వచ్చాయి. వాటి ప్రకారం నర్సులకే కాక, వార్డు ఊడ్చేవారికి, చెత్త మోసేవారికి కూడా హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. పనిలో చేరినప్పుడు ఒకసారి, తరువాత ఏడాదికి ఒకసారైనా ఆరోగ్య పరీక్ష చేయాలి. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు. మొదటిది వేశాక నెలకు రెండవది, ఆరవ నెలలో మూడవది వేయాలి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు. గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో వేయాలి. సూది గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడిగి, పిండకుండా, దాచకుండా వెంటనే చెప్పాలి. హెచ్.ఐ.వి. రాకుండా వాడే మందు వీలైతే రెండు గంటలలోపల, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి. కాంట్రాక్టు మీద ఊడ్చే అమ్మాయికి గుచ్చుకున్నా హెడ్ సిస్టరుకు గుచ్చుకున్నా పద్ధతి ఒక్కటే కావాలి.

సంఘం కూడా యజమానే. మందిరానికి రంగులు వేయించేటప్పుడు, క్రిస్మసుకు శిఖరం మీద నక్షత్రం కట్టించేటప్పుడు పైకి ఎక్కే యౌవనస్థునికి నడుముకు బెల్టు ఉందా, నిచ్చెన గట్టిగా ఉందా, కరెంటు తీగ ఎంత దూరంలో ఉంది అని చూడవలసింది పెద్దలు. సేవ అన్నంత మాత్రాన జాగ్రత్త తగ్గకూడదు.

కుటుంబాలుగా మనం కూడా ఒక రోజు యజమానులమవుతాము. సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు మనిషిని లోపలికి దింపుతాము. ఆ గుంటలో హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి విషవాయువులు ఉంటాయి, ప్రాణవాయువు ఉండదు. దిగినవాడు పడిపోతే కాపాడబోయి దూకినవాడు కూడా చనిపోతాడు. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాలువలోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా ఉండవచ్చు. ఈ చట్టానికి పదిమంది లెక్క లేదు, ఇంటి యజమానికి కూడా వర్తిస్తుంది. మురుగు కాలువల మరణాలకు ఇచ్చే పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 10 లక్షల నుండి 30 లక్షలకు పెంచింది. మునిసిపాలిటీకి గాని, పీల్చే ట్యాంకరు వారికి గాని కబురు చేయండి. రెండు రోజులు ఆలస్యమైనా మనిషిని దింపకండి.

ఎవరు ఏమి చేయవచ్చు?

యజమానులు: ఒక ఉదయం పుస్తకం, పెన్ను తీసుకుని మీ యూనిటంతా తిరగండి. ధూళి, శబ్దం, వేడి, రసాయనం, ఎత్తు, తిరిగే చక్రం, వేలాడే తీగ ఎక్కడెక్కడ ఉన్నాయో రాయండి. ఆ పని చేసే మనిషినే అడగండి, అందరికన్నా బాగా తెలిసింది అతనికే. ఆ జాబితాతో డాక్టరు దగ్గరకు వస్తే ఏ పరీక్షలు కావాలో చెప్పడం సులువు. అదే జాబితా అధికారికి చూపించి సలహా అడగవచ్చు. అన్నీ ఒక్కసారి చేయలేకపోతే ప్రాణం తీసేవాటితో మొదలుపెట్టండి.

పనివారు: నియామక పత్రం అడిగి తీసుకోండి, ఇంట్లో ఆధార్ కార్డు పక్కన దాచుకోండి. ఫలానా చోట ఫలానా పని చేశానని రుజువు లేక పరిహారం పోగొట్టుకున్నవారు ఉన్నారు. పాత ఎక్స్‌రేలు పారేయకండి.

కుటుంబాలు: దగ్గు, ఆయాసం, చెవుడు కనబడితే వయసు వల్ల అని ఊరుకోకండి. ఆసుపత్రికి వచ్చినప్పుడు మేము అడగకపోయినా ఆయన ఏ పని చేస్తారో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో మీరే చెప్పండి.

సంఘ పెద్దలు, స్త్రీల సమాజాలు: సంఘంలో యజమానులు, పనివారు ఒకే వరుసలో కూర్చుంటారు. ఈ విషయం పోట్లాట లేకుండా మాట్లాడుకోగల చోటు అంతకన్నా మరొకటి లేదు. ఏడాదికి ఒక సాయంత్రం దీనికి కేటాయించండి.

ఆసుపత్రి: ఓ.పి. చీటీలో ‘చేసే పని’ అన్న గడి ఉండాలని, చిన్న యూనిట్ల వారికి పని ఆగకుండా తెల్లవారుజామున గాని, సెలవు రోజున గాని పరీక్షలు చేసే ఏర్పాటు ఉండాలని, ఎక్స్‌రే, స్పైరోమెట్రీ తక్కువ ఖర్చుతో జరగాలని మేము యాజమాన్యాన్ని కోరుతున్నాము. చిన్న యజమాని చట్టం పాటించలేకపోవడానికి సమయం, డబ్బు, తెలియనితనం కారణాలైతే, ఆ మూడింటిలోనూ ఆసుపత్రి సహాయం చేయగలదు. చేయకూడని సహాయం ఒక్కటే, మనిషిని చూడకుండా సంతకం పెట్టడం.

మీ యూనిటులో ఎంతమంది ఉన్నా, ముగ్గురే అయినా సరే, పరీక్షలకు ఏ రోజు వీలవుతుందో నర్సింగ్ ఆఫీసులో చెప్పండి. ముందుగా చెబితే క్యూలో నిలబడకుండా చూసి పంపే ఏర్పాటు చేస్తాము. పనివారు ఖాళీ కడుపుతో రావాలి, పాత రిపోర్టులు, ఎక్స్‌రేలు ఉంటే వెంట తెచ్చుకోవాలి.

నర్సింగ్ సూపరింటెండెంట్ మరియు నర్సింగ్ సిబ్బంది